బొమ్మరిల్లు కట్టి చూడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దలు అన్నారు. మేము వుంటున్న బెంగుళూరులో కన్నడిగులు కూడా యిదే మాటను "మనె కట్టి నోడు, మదువె మాడి నోడు" అంటారు. తమిళులకూ యీ సామెత వున్నది. ఆ రెండు పనులూ ఎంత కష్టమైనవో, ఎంత డబ్బుతో కూడినవో అనుభవించినవారు అన్న మాట అది. కాని యీ రెండింటినీ ఒక్క మధ్యాహ్నంలో, పైసా అప్పు చేయకుండా, వియ్యాలవారి చేత మాట పడకుండా పూర్తి చేసేవారు మన ఇళ్ళలోనే వున్నారు. వారు మన పిల్లలు. నాలుగు అట్టముక్కలు నిలబెడితే వారికి ఇల్లు. రెండు గుడ్డబొమ్మలను పక్కపక్కన కూర్చోబెడితే పెళ్ళి. ఇక ఆ ఇంటికి మంచమూ, కుర్చీ, రోలూ, పొయ్యీ సమకూర్చి పెట్టడమే పెద్దలమైన మన వంతు. ఆ సామానును అంగడిలో కొనకుండా ఇంటిలోనే ఎలా చేయవచ్చునో, ఎందుకు చేయవలెనో చెప్పడానికే యీ వ్యాసం.

బొమ్మరిల్లు మనకు కొత్త కాదు. పోతనగారు భాగవతం దశమస్కంధంలో రుక్మిణీదేవి చిన్నతనాన్ని చెబుతూ ఆమె చేత బొమ్మల పెళ్ళిళ్ళు చేయించారు, చిన్న గురుగులలో వంట వండించి చెలులకు పెట్టించారు. పిల్లలు వండుకునే ఉత్తుత్తి వంటకు గుజ్జనగూళ్ళు అని తెలుగులో ప్రత్యేకంగా ఒక పేరే వున్నది. అంతకన్న వెనుకకు పోతే హరప్పా, మొహెంజొదారో త్రవ్వకాలలో మట్టితో చేసిన చిన్న బండ్లు, ఎద్దులు, ఈలలు బయటపడ్డవి. నాలుగువేల యేండ్లకు పైబడిన కాలంనాడు కూడా పెద్దల సామానుకు చిన్న రూపాలు చేసి పిల్లల చేతికి ఇచ్చేవారన్నమాట.

శూద్రకుని "మృచ్ఛకటికం" అనే నాటకం పేరుకు అర్థమే మట్టిబండి. చారుదత్తుని కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారు బండితో ఆడుకుంటాడు. దానిని వాళ్ళు తీసుకుపోతారు. ఇంటి దాసి మట్టితో బండి చేసి ఇస్తే నాకిది వద్దని ఏడుస్తాడు. వసంతసేన అది చూడలేక తన నగలు తీసి ఆ మట్టిబండిలో నింపుతుంది. ఆ ఏడుపు నేటికీ ప్రతి వీధిలోనూ వినబడుతూనే వున్నది. పక్క ఇంటి పిల్లకు మూడంతస్తుల ప్లాస్టిక్ బొమ్మరిల్లు వస్తుంది, మన పిల్ల మొహం చిన్నబోతుంది. వసంతసేన వలె నగలు ఊడదీసి ఇవ్వడం నెలజీతగాళ్ళకు అయ్యే పని కాదు. అందుచేత మట్టిబండినే పిల్ల ముచ్చటపడేటట్టు చేయడం నేర్చుకోవాలి.

అంగడి ఇంటిలో లేనివి

డబ్బు సంగతి ఒక ప్రక్కన పెడదాము. అంగడిలో అమ్మే బొమ్మరిల్లు తెరిచి చూడండి. అందులో స్నానపు తొట్టి వుంటుంది, చలిమంట గూడు వుంటుంది, నిలువెత్తు అద్దం వుంటుంది. దేవుని గూడు వుండదు. గడప వుండదు. చేట, ఉట్టి, రోలు, తిరగలి, కవ్వం, పోపులపెట్టె, ముక్కాలిపీట, ఇవేవీ వుండవు. ఆ ఇల్లు కట్టినవారి ఇళ్ళలో అవి లేవు గనుక వారి తప్పేమీ లేదు. కాని మన పిల్ల ఆ ఇంటితో ఆడుకున్నంతసేపు మన ఇంటి సామాను పేరు ఒక్కటైనా ఆమె నోట పలికే అవసరం రాదు.

ఆంధ్రదేశానికి బయట తరతరాలుగా స్థిరపడిన మన వంటివారికి ఇది చిన్న విషయం కాదు. మన పిల్లలకు వీధి కన్నడం నేర్పుతుంది, బడి ఇంగ్లీషు నేర్పుతుంది. తెలుగు నేర్పవలసినది ఇల్లు ఒక్కటే. ఆ ఇంటిలోనేమో పిండి మిక్సీ రుబ్బుతున్నది, బియ్యం రాళ్ళు లేకుండా సంచిలో వస్తున్నవి, పెరుగు ఫ్రిజ్జిలో వుంటున్నది. వాడని వస్తువు అటక ఎక్కుతుంది, ఆ తర్వాత పాతసామాను బండి ఎక్కుతుంది. వస్తువుతో పాటు దాని పేరు కూడా ఎక్కిపోతుంది. మిక్సీ పారవేసి రోలు తెచ్చుకోమని మేము ఎవరికీ చెప్పము. మా ఇంటిలోనూ మిక్సీయే తిరుగుతున్నది. కాని ఒకటిన్నర అంగుళాల రోలు ఒకటి బొమ్మరింటిలో వుండడానికి చోటు కావాలా, కరెంటు కావాలా?

మేమెరిగిన ఒక ఇంట జరిగినది చెబుతాము. ఆ కుటుంబం అనంతపురం వైపు నుండి వచ్చి యిక్కడ నాలుగు తరాలైనది. ఎనిమిదేండ్ల మనుమరాలు, ఎనభై దాటిన అవ్వ ఒకే గదిలో పడుకునేవారు. వారిద్దరి మధ్య మాటలు "తిన్నావా?", "తిన్నాను" అన్నంతవరకే. పిల్లకు తెలిసిన తెలుగు అంతే, అవ్వకు పిల్ల బడి సంగతులు పట్టవు. ఒక సెలవునాడు తండ్రి కాగితపు గుజ్జుతో రోలు చేసి, పెన్సిలు ముక్కను రోకలిగా పెట్టి పిల్లకు ఇచ్చాడు. అవ్వ దానిని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ త్రిప్పి చూసి, "అంతా బాగానే వుంది గాని, దీనికి కుందెన ఏదే?" అన్నది. పిల్లకు తెలియదు. తండ్రికీ తెలియదు. దంచేటప్పుడు గింజలు బయటకు చెదరకుండా రోటి మూతికి పెట్టే కట్టును కుందెన అంటారని ఆమె చెప్పి, అట్టముక్కను చుట్టి తానే చేసి రోటి మీద పెట్టినది. అక్కడినుండి వడ్లు దంచడం, తవుడు చెరగడం, దంపుళ్ళకు వచ్చిన అమ్మలక్కలు పాడిన పాటలు, ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. "అవ్వా, ఇంకా ఏమేమి వుండేవి?" అని పిల్ల రోజూ అడగడం మొదలుపెట్టినది. అవ్వ చెప్పిన సామాను తండ్రి ఆదివారం ఆదివారం చేసి పెట్టాడు. మరుసటి సంవత్సరం ఆమె కాలం చేసింది. కుందెన అనే మాట ఇప్పుడు ఆ పిల్ల దగ్గర వున్నది.

మొదట కొలత

ఇక పనిలోకి దిగుదాము. సామాను ఎంత ముద్దుగా వున్నా ఒకదానికొకటి పొంతన లేకపోతే ఇల్లు ఇల్లులా వుండదు. కుర్చీ కన్న చెంబు పెద్దదైతే పిల్లలే నవ్వుతారు. అందుచేత మొదట కొలత ఒకటి పెట్టుకోవాలి. లోకంలో ఎక్కువమంది వాడే కొలత అడుగుకు ఒక అంగుళం, అనగా పన్నెండింట ఒక వంతు. ఢిల్లీలో రాష్ట్రపతి భవనానికి నమూనా గీసిన లుట్యెన్స్ దొర 1921 నుండి 1924 వరకు ఇంగ్లండు రాణి మేరీ కోసం కట్టించిన పేరుమోసిన బొమ్మరిల్లు కూడా యీ కొలతలోనే వున్నది. అందులో కొళాయి త్రిప్పితే నీరు వస్తుంది, దీపాలు వెలుగుతవి, లిఫ్టు నడుస్తుంది. ఇప్పటికీ విండ్సర్ కోటలో చూపుతారు. మనకు లిఫ్టు వద్దు, కొలత చాలు.

ఈ లెక్కన ఆరడుగుల మంచం ఆరంగుళాలు. కుర్చీలో కూర్చునే ఎత్తు పద్దెనిమిది అంగుళాలు గనుక మనకు ఒకటిన్నర అంగుళం. బల్ల ఎత్తు రెండున్నర అంగుళాలు. రోకలి నాలుగంగుళాలు. ఇంట నివసించే బొమ్మలు అయిదంగుళాల చిల్లర. పిల్ల చేతికి స్కేలు ఇచ్చి ఇంటిలోని నిజమైన వస్తువులను కొలిపించండి. ఎన్ని అడుగులో అన్ని అంగుళాలు అని చెబితే చాలు, లెక్కల పాఠం దానంతట అది జరిగిపోతుంది.

నాలుగు పెట్టెల మండువా

పండుగలకు కొన్న చెప్పుల పెట్టెలు ఒకే సైజువి నాలుగు సంపాదించండి. మూతలు తీసివేసి, నోరు పైకి వుండేటట్టు నేలమీద పెట్టండి. ఒకదాని వెంట ఒకటి గిలక రెక్కల వలె త్రిప్పి, ఒక పెట్టె పొడుగు ప్రక్క చివర రెండవదాని పొట్టి ప్రక్క ఆనేటట్టు అమర్చితే నడుమ చతురపు ఖాళీ ఏర్పడుతుంది. పెట్టె పన్నెండంగుళాల పొడవు, ఏడంగుళాల వెడల్పు వుంటే ఆ ఖాళీ సరిగా అయిదంగుళాల చతురము. అదే మండువా. నడుమ ఆకాశం, చుట్టూ గదులు. మన మండువా లోగిలిని కన్నడిగులు తొట్టి మనె అంటారు. పేరు వేరు గాని వాన నడిమింట పడే వేడుక రెండింటికీ ఒక్కటే.

నాలుగు పెట్టెలలో ఒకటి వంటిల్లు, ఒకటి పడకగది, ఒకటి కూర్చునే గది, ఒకటి సామానుగది. ఆనుకున్న గోడలకు ఆరున్నర అంగుళాల వాకిలి కోయడం కుదరదు, గోడ అంత ఎత్తు వుండదు. గోడను పైనుండి క్రింది వరకు మూడంగుళాల వెడల్పున కోసివేస్తే అదే వాకిలి. కోసేటప్పుడు అడుగున అట్టను పావంగుళం ఎత్తు వదిలిపెట్టండి. అది గడప. పిల్ల దానికి పసుపు రంగు పూసి ఎర్రని బొట్లు పెడుతుంది. పచ్చ కాగితంతో మామిడాకులు కత్తిరించి దారానికి గ్రుచ్చితే తోరణం. మండువాలో బియ్యపు పిండితో ముగ్గు పెట్టుకునే పని పూర్తిగా పిల్లలకే వదిలిపెట్టాలి.

అతికించడానికి మైదా జిగురు చాలు. ఒక వంతు మైదాను అయిదు వంతుల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగమీద చిక్కబడేవరకు కాచి దించాలి. పుస్తకాలు బైండు చేసేవారు పురుగు పట్టకుండా ఇందులో మైలతుత్తం వేస్తారు. అది విషం, పిల్లల వస్తువులకు వాడకూడదు. ఏ పూటకు కావలసినది ఆ పూట కాచుకుంటే సరిపోతుంది. కర్రముక్కలు అతకాలంటే మాత్రం ఫెవికాల్ వంటిది కావాలి.

చెక్క సామాను

అగ్గిపెట్టెను మించిన ముడిసరుకు లేదు. పద్నాలుగేండ్లపాటు రూపాయిగా వున్న దాని ధర 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైనా, ఖాళీ పెట్టె ధర ఇంకా సున్నాయే. దాని పొడవు సుమారు రెండంగుళాలు, వెడల్పు ఒకటిన్నరకు కొంచెం తక్కువ. ఆరు పెట్టెలను రెండు వరుసలుగా, ఒకదానిమీద ఒకటి మూడేసి చొప్పున అతికించి చుట్టూ ఒకే కాగితం చుట్టితే ఆరు సొరుగుల బల్ల తయారు. సొరుగుకు ఒక పూస కుట్టితే పిడి. సొరుగులు నిజంగా తెరుచుకుంటవి గనుక పిల్లలకు దీనిమీద వున్న మక్కువ మరి దేనిమీదా వుండదు. ఒక్కొక్క సొరుగులో ఏమి దాచారో అడగకండి, చెప్పరు.

మంచానికి పెన్సిళ్ళు వాడాలి. ఆరంగుళాలవి రెండు, మూడంగుళాలవి రెండు చతురంగా పేర్చి, మూలలలో ఒకటిన్నర అంగుళాల పెన్సిలు ముక్కలు కోళ్ళుగా నిలబెట్టి, దారంతో బిగించి కట్టి, ముడిమీద జిగురు చుక్క వేయాలి. ఆరిన తర్వాత సన్నని పురికొసను పొడుగున దగ్గరదగ్గరగా చుట్టి, అడ్డంగా ఒకటి పైనుండి ఒకటి క్రిందినుండి పోనిస్తూ అల్లితే నులకమంచం. పురికొసకు బదులు నాడా అల్లితే నవారు మంచం. మంచానికి కోళ్ళు, పట్టెలు అంటారని అల్లుతున్నప్పుడే చెప్పండి. చేతిలో వస్తువు వున్నప్పుడు విన్న పేరు మరచిపోవడం కష్టం.

మైసూరు అగరువత్తుల సీమలో వున్నాము గనుక మా ఇళ్ళలో వెదురు పుల్లలకు కొరత లేదు. వత్తి కాలిపోగా మిగిలిన పుల్లలను పారవేయకుండా దేవుని గదిలో ఒక డబ్బాలో వేస్తూ వస్తే నెలకు ఒక నిచ్చెన, ఒక కిటికీ, రెండు ముక్కాలిపీటలు అవుతవి. చీపురు పుల్లలను వరుసగా పేర్చి దారంతో అల్లితే చాప. ఐసుపుల్లలు నాలుగు ప్రక్కప్రక్కన అతికించి, తెగిపోయిన గిల్టు గొలుసు నాలుగు ముక్కలతో వేలాడదీస్తే ఉయ్యాలబల్ల. ఇవన్నీ చేయడానికి మా వంటి గుమాస్తాలకు కొంత వెసులుబాటు వున్నది. పాత పెళ్ళి శుభలేఖలు, చివరి వరకు చెక్కిన పెన్సిళ్ళు, చిరిగిన ఫైలు అట్టలు మా బల్లల క్రింద చెత్తబుట్టలో కావలసినన్ని దొరుకుతవి. చెత్తబుట్టలోవే సుమండీ, బీరువాలోవి కావు.

వంటిల్లు

బొమ్మరింటికి ప్రాణం వంటిల్లు. పాత వార్తాపత్రికను చిన్న ముక్కలుగా చింపి రాత్రంతా నానబెట్టి, పిండి, చేతితో మెత్తగా పిసికి, మైదా జిగురు కలిపితే గుజ్జు తయారవుతుంది. నిమ్మకాయంత ముద్ద తీసుకుని, అడుగు చదును చేసి, నడుమ బొటనవ్రేలితో నొక్కితే రోలు. నీడలో రెండుమూడు రోజులు ఆరనిచ్చి బూడిద రంగు వేయాలి. రోకలికి వెనుక రబ్బరు వుండే పెన్సిలు ముక్క నాలుగంగుళాలది తీసుకుని, రబ్బరు ఊడదీయండి. అక్కడ మిగిలిన రేకు కట్టు అచ్చం రోకలి పొన్ను. పొన్ను లేని రోకలి రోకలి కాదని పెద్దలను అడిగితే చెబుతారు.

తిరగలికి నీళ్ళ సీసా మూతలు రెండు కావాలి. రెండింటిలోనూ గుజ్జు నింపి, తడిగా వున్నప్పుడే నడుమ అగరువత్తి పుల్లతో రంధ్రం చేసి, ఆరిన తర్వాత క్రిందిదానిలో పుల్లముక్కను నాటి పైదానిని దానిమీద కూర్చోబెట్టాలి. పైమూత అంచున మరొక పుల్లముక్క నాటితే పిడి. పిల్ల త్రిప్పితే తిరుగుతుంది. రాయలసీమ వైపువారు దీనిని విసురురాయి అంటారు. కన్నడంలో బీసువ కల్లు, అర్థం అదే. రోలును వారు ఒరళు అంటారు, తమిళులు ఉరల్ అంటారు. మన రోకలికి వారు ఒనకె, వీరు ఉలక్కై. చిత్రదుర్గం కోటలో ఓబవ్వ శత్రువులను ఒనకెతోనే కొట్టి చంపిందని కన్నడదేశంలో ప్రతి పిల్లకూ తెలుసు. ఆ ఒనకె మన రోకలేనని చెప్పినప్పుడు మా పిల్లల కళ్ళు మెరిసినవి. ఈ మాటలన్నీ ఒకే మూలం నుండి చీలినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతున్నారు. రెండు భాషల పేర్లూ నేర్పడం వలన పిల్లకు నష్టం లేదు, రెండూ మనవే.

చేటకు శుభలేఖ అట్ట చాలు. మూడు ప్రక్కలు పైకి మడిచి ఒక ప్రక్క వదలాలి. వినాయక చవితికి తెచ్చిన బంకమట్టి మిగిలితే కుండ, చట్టి, మూకుడు, పిడత చేయించండి. కొబ్బరిపీచును మూడు పాయలుగా పేని, పైన కలిపి ముడివేసి, క్రింద చిన్న చుట్ట పెట్టి, అందులో కుండను వుంచి వేలాడదీస్తే ఉట్టి. కన్నడంలో నెలువు, తమిళంలో ఉరి. కృష్ణుని కథ చెప్పడానికి ఇంతకన్న మంచి సమయం దొరకదు. అమృతాంజనం వంటి మందుల చిన్న రేకు డబ్బా మూత కడిగి, అందులో ఆవాలు, జీలకర్ర, మెంతులు, మిరియాలు కుప్పలు కుప్పలుగా జిగురు వేసి అతికిస్తే పోపులపెట్టె.

పిల్లలు గ్యాసు పొయ్యి కావాలంటారు, ఫ్రిజ్జి కావాలంటారు. తప్పక చేసి ఇవ్వండి. పళ్ళపేస్టు పెట్టెను అయిదంగుళాలకు కోస్తే ఫ్రిజ్జి. అగ్గిపెట్టె మీద రెండు బొత్తాలు అతికిస్తే పొయ్యి. బొమ్మరిల్లు పిల్లలు నేడు బ్రతుకుతున్న ఇల్లు కావాలి, మన చిన్ననాటి మ్యూజియం కాకూడదు. ఉట్టి ప్రక్కన ఫ్రిజ్జి వుంటే రెండూ చేసే పని ఒక్కటేనని పిల్లలే కనిపెడతారు.

చేయి తిరిగినవారి దగ్గర

ఇంటిపనితో ఆసక్తి పుట్టిన తర్వాత పిల్లలను ఒకసారి చన్నపట్నం తీసుకుపోండి. బెంగుళూరునుండి మైసూరు దారిలో అరవై కిలోమీటర్ల దూరం. అక్కడ చిన్న చిన్న చెంబులు, గిన్నెలు, కుర్చీలు తరిమెన మీద తిప్పి, తిరుగుతున్న కర్రకు రంగు లక్క కణికను ఆనించి, రాపిడి వేడికి లక్క కరిగి అంటుకునేటట్టు చేస్తారు. ఆ పైన మొగలి ఆకుతో రుద్ది మెరుగు తెస్తారు. వారు వాడే కర్రను ఆలె మర అంటారు. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున వున్న ఏటికొప్పాకలో మన లక్కపిడతలు చేసేవారు వాడేది అంకుడు కర్ర. రెండూ ఒకే చెట్టు. ఏటికొప్పాకలో చెట్లనుండి, గింజలనుండి తీసిన రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చినందుకు సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. కొండపల్లివారిది వేరు దారి. తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, అతుకులకు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కును వాడతారు. తమ చేతితో ఒక్క రోలు చేసిన పిల్లలు యీ పనివారిని చూసే చూపు వేరుగా వుంటుంది. బేరం కూడా తక్కువ ఆడతారు.

జాగ్రత్తలు

మన దేశంలో అమ్మే బొమ్మల మీద ఐ.ఎస్.ఐ. గుర్తు వుండాలనే నియమం 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ఇంట చేసిన సామానుకు ఆ గుర్తు వేసేవారు లేరు గనుక ఆ ఇనస్పెక్టరు ఉద్యోగం మనమే చేయాలి. మొదటి సంగతి, ఇంట మూడేండ్లలోపు బిడ్డ వుంటే యీ సామాను వారికి అందని ఎత్తున వుండాలి. బొమ్మల పరీక్షకు వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అనగా ఒకటింబావు అంగుళం. అందులో ఇమిడిపోయే వస్తువేదైనా ఆ వయసు బిడ్డ గొంతుకు అడ్డుపడగలదు. మన పూసలు, మూతలు, కుండలు దాదాపు అన్నీ ఇమిడేవే.

రెండవది, దీపం పెట్టాలనే ఉత్సాహంలో బొత్తం వంటి చిన్న బ్యాటరీలు వాడకండి. బిడ్డ మింగితే రెండు గంటలలోనే గొంతు లోపల పుండు పడుతుంది. మూడవది, అటకమీది పాత రంగుడబ్బాలు తీయకండి. ఇంటికి వేసే రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకుముందు డబ్బాలలో ఎంత వున్నదో చెప్పలేము. పిల్లలు బడికి వాడే నీటిరంగులు, పసుపు, కుంకుమ చాలు. నాలుగవది, అగ్గిపుల్లలు వాడాలంటే మందు తల విరిచివేసిన తర్వాతనే. బ్లేడు పని పెద్దలది, కత్తెర పని పిల్లలది.

అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి. సామాను అంతా మనమే చేసి, అద్దాల బీరువాలో పెట్టి, వచ్చినవారికి చూపి, పిల్లలను ముట్టనివ్వకపోతే ఇంత శ్రమ వృధా. మంచం వంకరగా వుంటే వుండనివ్వండి. సగం చేసి వదిలిపెట్టండి, మిగతా సగం పిల్లలు చేసుకుంటారు. విరిగితే మళ్ళీ చేసుకోవడానికి అగ్గిపెట్టెలకు కరువు లేదు.

పేర్ల చీటీలు

చివరగా ఒక ఆట. ప్రతి వస్తువు పేరూ తెలుగులో ఒక చిన్న చీటీ మీద వ్రాసి డబ్బాలో వేయండి. పిల్లలు వంతులవారీగా చీటీ తీసి, చదివి, ఆ వస్తువును దాని చోట పెట్టాలి. మా పిల్లలకు తెలుగు చదవడం రాదు గదా అనవద్దు. కర్ణాటకలో బడికి పోయే పిల్లలకు కన్నడ లిపి వచ్చును. తెలుగు, కన్నడ లిపులు రెండూ ఒకే పాత లిపినుండి విడివడినవి. "రోలు" అనే మాటలో ర, ల రెండింటిలోనూ దాదాపు ఒక్కటే రూపం. ఒక వారం ఆడితే కొన్ని అక్షరాలు పట్టుబడతవి, నెల తిరిగేసరికి చీటీలు వారే వ్రాస్తారు. తమిళనాడులోను, ఒడిశాలోను వున్న మనవారి పిల్లలకు లిపి కొంచెం కష్టం కావచ్చును. వారికి చీటీ వెనుక వస్తువు బొమ్మ గీసి పెట్టండి.

దసరాకు కొలువు పెట్టే ఇళ్ళు, సంక్రాంతికి పెట్టే ఇళ్ళు రెండూ మనలో వున్నవి. ఈసారి మెట్ల ప్రక్కన నేలమీద నాలుగు పెట్టెల మండువాకు చోటు ఇవ్వండి. పేరంటానికి వచ్చిన పెద్దవారిలో ఎవరో ఒకరు తప్పక వంగి చూసి, "అన్నీ వున్నవి గాని, ఫలానాది లేదే!" అంటారు. ఆ ఫలానాది ఏమిటో వెంటనే వ్రాసిపెట్టుకోండి. హోసూరులో దానిని ఏమంటారో, బరంపురంలో ఏమంటారో, సోలాపురంలో, యానాంలో ఏమంటారో మాకు తెలియజేస్తే, యీ పత్రికలోనే పేర్ల పట్టిక ఒకటి కూర్చవచ్చును. పిల్లలు దానికి తగిన బొమ్మలు చేసుకుంటారు.